తగువులున్న సంఘంలో కృప ఉంటుందా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలోని ఒక పల్లె సంఘం. మూడు తరాలుగా మా కుటుంబం ఆ మందిరానికే వెళ్తోంది. కమిటీ ఎన్నికల తర్వాత సంఘం రెండు వర్గాలైంది. కానుకల లెక్కలు అడిగినందుకు మమ్మల్ని పక్కన పెట్టారు. ఆరాధనలో ఒకరికొకరు చేయి కలిపి సమాధానం, అంటే దేవుని శాంతి, ఇచ్చిపుచ్చుకునేటప్పుడు నేను చేయి చాపితే ముఖం తిప్పుకున్నవారు ఉన్నారు. ఇకమీదట ఇంట్లోనే ప్రార్థన చేసుకుందామని మావారు అంటున్నారు. ఇలాంటి చోట దేవుని కృప ఉంటుందా? అక్కడే కొనసాగడం వేషధారణ కాదా?
– ఒక సోదరి

జవాబు: సోదరీ, మీ ప్రశ్నకు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఉన్నంత సూటి జవాబు నాకు మరెక్కడా కనబడలేదు. ఆ సంఘంలో కొందరు పౌలు వాళ్లమని, కొందరు అపొల్లో అనే మరో బోధకుని వాళ్లమని వర్గాలు కట్టారు. విశ్వాసులే ఒకరి మీద ఒకరు న్యాయస్థానాలకెక్కారు. క్రీస్తును జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభురాత్రి భోజనానికి కూడినప్పుడు కలిగినవారు ముందే తిని, తాగి మత్తులో ఉంటే లేనివారు ఆకలితో కూర్చున్నారు. అయినా పౌలు పత్రిక మొదట్లోనే వారిని దేవుని సంఘమని పిలిచి, వారికి దొరికిన కృపను బట్టి దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, ఆ తర్వాతే వారి తప్పులను ఏదీ దాచకుండా ఎత్తి చూపించాడు. సంఘం బాగా నడిచినందుకు ఇచ్చే బహుమానమే కృప అయితే కొరింథుకు అది దక్కేదే కాదు. అలాగని అన్నిటినీ సహించి ఊరుకోమని కూడా కృప చెప్పదు. అలా చెప్పేదైతే పదకొండో అధ్యాయంలో పౌలు పేదల పక్షాన అంత కఠినంగా మాట్లాడి ఉండేవాడు కాదు.

నాయకుల నడత బాగాలేనప్పుడు వారి చేతి రొట్టె, ద్రాక్షారసం చెల్లుతాయా అనే సందేహం కూడా మీ మాటల వెనుక ఉందనుకుంటాను. రోమా ప్రభుత్వం క్రైస్తవులను హింసించిన కాలంలో లేఖనాలను అధికారులకు అప్పగించిన బిషప్పుల పరిచర్య చెల్లదంటూ నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా సంఘం చీలిపోయింది. అందించే చేయి ఎలాంటిదైనా ఇచ్చేవాడు క్రీస్తే అని హిప్పో బిషప్ అగస్టీన్ అలా విడిపోయినవారికి జవాబు చెప్పాడు. నేను ఆ మాట మీదే నిలబడతాను.

వేషధారణ సంగతికి వస్తే, లోపాలున్న సంఘంలో ఉండడం వేషధారణ కాదు, లోపాలు లేనట్టు నటిస్తూ ఉండడమే వేషధారణ. ప్రభు బల్లకు ముందు పాస్టరుగారు, కోశాధికారి, మీరు, మీకు చేయి ఇవ్వనివారు అందరూ కలిసి పాపాలు ఒప్పుకుంటారు. ఆ కొద్ది నిమిషాలు మీ సంఘం తన నిజ స్వరూపాన్ని దేవుని ముందు తానే చెప్పుకుంటుంది. సమాధానం చేతి నుంచి చేతికి అందించే పద్ధతికి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1950లో రూపొందించిన ప్రభురాత్రి భోజన క్రమంలో చోటిచ్చారు. ఆ సమాధానం బల్ల దగ్గర నుంచి బయలుదేరి వరుసల్లోకి వస్తుంది, కాబట్టి అది మీ సొంతమూ కాదు, ముఖం తిప్పుకున్నవారి సొంతమూ కాదు. వచ్చే ఆరాధనలో కూడా చేయి చాపండి.

మన దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య గారిని ఇక్కడ తలచుకోవాలి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మిషనరీలు ఎంతో త్యాగం చేశారని ఒప్పుకుంటూనే, భారతీయులకు వారి నుంచి కావలసింది స్నేహమని ఆయన వారి ముఖం మీదే చెప్పారు. ఆ మాట చాలామందిని నొప్పించింది. అయినా ఆయన సంఘాన్ని విడిచిపెట్టలేదు. 1912లో బిషప్పుగా అభిషేకం పొంది, 1945లో కన్నుమూసేవరకు ఈ తెలుగు నేలమీదే సేవ చేశారు. నిష్ఠూరమైన మాట చెప్పడానికీ, ఉండిపోవడానికీ ఆయనకు వైరుధ్యం కనబడలేదు.

లెక్కల విషయం వదలకండి. మత్తయి సువార్త 18వ అధ్యాయం చెప్పిన వరుసలోనే, ముందు కోశాధికారి గారితో ఒంటరిగా మాట్లాడండి. వినకపోతే ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లండి. అప్పటికీ తేలకపోతే ఆడిట్ చేసిన లెక్కలు సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలని లిఖితపూర్వకంగా కోరండి. స్త్రీల మీద, పిల్లల మీద అఘాయిత్యం జరిగిన చోట మాత్రం ఈ ఓర్పు పనికిరాదు. అక్కడ వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసి, బాధితులను కాపాడాలి.

మీవారిని బలవంతపెట్టకండి. మనసు నొచ్చిన మనిషి కొన్ని ఆదివారాలు పక్క ఊరి మందిరంలో కూర్చుంటే తప్పులేదు. పిల్లలను మాత్రం సండే స్కూలు మాన్పించకండి, స్త్రీల కూటానికి మీరు వెళ్తూనే ఉండండి. అవతలి వర్గం ఇంట్లో ఎవరైనా జబ్బుపడితే, పిలుపు కోసం ఎదురుచూడకుండా ఇద్దరూ కలిసి వెళ్లి ప్రార్థన చేసి రండి.