గులకరాళ్ళ సంగతి ఎందుకు వదిలేశావు?

అమ్మాయీ,

పాపని తీసుకుని టెక్సాస్‌లో పాతకాలం ఐరోపా వేషాల సంబరానికి వెళ్ళొచ్చిన సంగతి మీద నువ్వు రాసిన వ్యాసం పోయిన ఆదివారమే చదివాను. బాగానే ఉంది అనుకుని పక్కన పెట్టాను. ఎక్కడా కాలికి ఏదీ తగలకుండా సాఫీగా నడిచిపోయే రచన మీద నాకెప్పుడూ కాస్త అనుమానమే. అందుకే బుధవారం నీకు ఫోన్ చేశాను. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. అప్పుడు నువ్వు చెప్పినదాంట్లో సగం వ్యాసంలో లేదు. వ్యాసంలో ఉన్నదాంట్లో సగం నువ్వు ఫోన్లో ఎత్తనే లేదు. అన్నట్టు మెయిల్లో నన్ను "మేడమ్" అన్నావు, ఫోన్ ఎత్తగానే "పిన్నీ" అన్నావు. వ్యాసానికి కూడా సరిగ్గా ఇదే జరిగింది.

"పాప కళ్ళు ఆశ్చర్యంతో విప్పారాయి" అని మూడు చోట్ల రాశావు. రాజుగారి ఊరేగింపు దగ్గర ఒకసారి, గుర్రాల దగ్గర ఒకసారి, గాజు ఊదేవాడి దగ్గర ఒకసారి. నిజంగా విప్పారాయా అని అడిగితే పకపకా నవ్వావు. "అది రాజుని చూస్తేనా పిన్నీ! దారిలో కూలబడి గులకరాళ్ళు ఏరుకుంది. ఏరినవన్నీ వాళ్ళ నాన్న బూటులో వేసింది. ఊరేగింపు మొత్తం వెళ్ళిపోయేదాకా తల ఎత్తలేదు" అన్నావు. ఇంత మంచి సంగతి చేతిలో ఉంచుకుని విప్పారిన కళ్ళు అరువు తెచ్చుకోవడం ఎందుకమ్మా?

ఎందుకో నాకు తెలుసులే. అంత దూరం కారు నడుపుకుని, అంత డబ్బు పోసి టికెట్లు కొన్నాక పిల్ల ఆనందించి తీరాలి. ఆనందించకపోతే మనం ఆనందింపజేస్తాం, కాగితం మీదైనా సరే. కానీ రెండేళ్ళ రెండు నెలల పిల్లకి పాతకాలం అంటే ఏం తెలుస్తుంది? దానికి లిఫ్టూ కొత్తే, కిరీటం పెట్టుకున్న మనిషీ కొత్తే. మొన్న సూపర్ మార్కెట్లో ఆటోమేటిక్ తలుపు ముందు పావుగంట నించుందన్నావు. నిజానికి ఆ రోజు వింతగా చూసినవాళ్ళు నువ్వూ మీ ఆయనా. ముప్పై రెండేళ్ళ మనిషివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేదానివి, ఎవరో తోలుబూట్ల ఆసామి వంగి దణ్ణం పెడితే ఎలా ప్రవర్తించాలో తెలియక నవ్వేశానన్నావు చూడు, ఆ ఇబ్బంది నీది. అది రాయి. పాప నోట్లో పెట్టకు.

ఇక మాటల సంగతి. "పునర్వికాస జాతర" అని అనువాదం చేశావు. జాతర అంటే నాకు వెంటనే అమ్మవారు, వేపాకులు, డప్పు గుర్తొస్తాయి. తరవాత ఎంత ప్రయత్నించినా ఆ పక్కన ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీని నిలబెట్టలేకపోయాను. మీరంతా "రెన్ ఫెయిర్" అంటారు కదా, అదే రాయి. మొదటిసారి మాత్రం రెనైసాన్స్ ఫెయిర్ అంటే ఏమిటో ఒక వాక్యంలో చెప్పి వదిలెయ్. పదిహేను, పదహారో శతాబ్దాల ఐరోపా ఊరొకటి కట్టి, వారాంతాల్లో కొన్నివారాలు జనం అందులో వేషాలేసుకుని తిరుగుతారు అంటే సరిపోతుంది. తెనాలిలో కూర్చున్న నాకు అంతకంటే అక్కర్లేదు.

"ఈ ఉత్సవాలకు ప్రాచీన చరిత్ర ఉంది" అన్నావు. లేదమ్మా. వాటికంటే నేనే పెద్దదాన్ని. మొదటిది జరిగింది 1963 మే నెలలో, లాస్ ఏంజెలెస్ దగ్గర, రెండే రోజులు, కేపీఎఫ్‌కే అనే రేడియో స్టేషన్‌కి విరాళాల కోసం. మొదలుపెట్టినావిడ ఫిలిస్ ప్యాటర్సన్ అనే టీచరు, ఆవిడ భర్త రాన్. అంతకుముందు ఆవిడ ఇంటి పెరట్లో పిల్లల చేత పాత ఇటలీ పద్ధతి నాటకాలు వేయించేది. అంటే ఈ వ్యవహారం మొత్తం పెరట్లో పిల్లలాటలోంచి వచ్చింది. పాప గురించి రాసేదానివి, ఈ ముక్క నీకు ఎంత ఉపయోగమో చూడు. "ప్రాచీన చరిత్ర" అన్న రెండు మాటలు దాన్ని మింగేశాయి. హ్యూస్టన్ వైపు టాడ్ మిషన్‌లో జరిగేది 1974లో మొదలైంది, మీరు వెళ్ళిన డల్లాస్ దగ్గరి వాక్సహాచీది 1981లో.

టర్కీ కాలు గురించి కూడా. "ఆ కాలపు రాజభోజనం" అన్నావు. ఆ పక్షి అసలు ఊరు అమెరికా. కొలంబస్ తరవాతే ఐరోపా గడప తొక్కింది. హెన్రీ కాలానికి ఇంగ్లండులో అది కొత్త వింత. ఇవాళ టెక్సాస్‌లో దాని కాలు చేత్తో పట్టుకుని కొరుకుతూ మనం పాత ఇంగ్లండులో ఉన్నామనుకుంటున్నాం. ఒక వాక్యం చాలు, చదివేవాడి పెదవి కదులుతుంది. నేనూ ఇలాంటి చోట దెబ్బ తిన్నదాన్నే. కాకతీయుల కాలం కథ ఒకటి రాస్తూ ఓరుగల్లులో ఒక ముసలమ్మ చేత ఎండుమిరపకాయలు ఆరబోయించాను. కథ అచ్చయిన పది రోజులకి ఒక కార్డు వచ్చింది. "అమ్మా, రుద్రమదేవి కాలానికి మన దేశంలో మిరపకాయ లేదు, పోర్చుగీసువాళ్ళ ఓడలు రావడానికి ఇంకా రెండు వందల ఏళ్ళకు పైనే ఉంది, ముసలమ్మ గారికి మిరియాలు ఇప్పించగలరు." అంతే ఉంది అందులో. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

పాపకి పట్టుపరికిణీ కట్టి తీసుకెళ్ళిన సంగతి మాత్రం నాకు భలే నచ్చింది. కానీ నువ్వేం చేశావు? "సందర్భానికి తగిన దుస్తులు లేక" అని సంజాయిషీ ఇచ్చుకున్నావు. వాక్సహాచీలో కట్టిన ఆ వేషాల ఊళ్ళో సంవత్సరం 1533 అని వాళ్ళే చెప్పుకుంటారు. హెన్రీ రెండో భార్య ఆన్ బొలీన్‌కి రాణిగా పట్టాభిషేకం జరిగిన ఏడు. ఆ ఏడు మనకి విజయనగరంలో అచ్యుతదేవరాయలు ఏలుతున్నాడు. లేపాక్షి గుడి తయారవుతున్న రోజులు. ఆ గుడి పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ళ చీరల అంచులు చూసే ఉంటావు, ఇప్పటికీ నేతగాళ్ళు ఆ డిజైన్లు తీసుకుంటారు. ఆ మైదానంలో రెక్కలు అతికించుకున్నవాళ్ళు, కొమ్ములు పెట్టుకున్నవాళ్ళు, ఎవరికి తోచింది వాళ్ళు వేసుకుని తిరుగుతుంటే, అమ్మమ్మ పంపిన పరికిణీలో మీ పిల్ల ఒక్కతే తన వాళ్ళ బట్టలతో వచ్చింది. సంజాయిషీ కొట్టెయ్. దుమ్ములో అంచు ఏ రంగుకి తిరిగిందో, సాయంత్రం ఉతికితే పోయిందో లేదో చెప్పు.

తిరునాళ్ళతో పోల్చావు. ఆ పోలిక రావడం సహజమే, నాకూ వచ్చింది. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు రెండున్నరేళ్ళ మనవడిని తీసుకుని మేమూ ఒకచోట ఇలాంటిదే చూశాం. రంగులరాట్నం ఉంది, జీళ్ళలాంటివి ఉన్నాయి, కత్తులూ గాజులూ అమ్ముతున్నారు. కానీ తిరునాళ్ళకి దేవుడుంటాడు. ముడుపు తీర్చుకోవడానికి వెళ్ళి పనిలో పనిగా జీళ్ళు కొనుక్కుంటాం. ఇక్కడ ముడుపు లేదు. నాకు దగ్గరగా అనిపించింది పగటివేషం. వేషగాడు వీధిలో నడుస్తూ, మనల్ని వెక్కిరిస్తూ, వేషం వదలకుండానే బేరమాడతాడే, అది. మా వాడికి అర్జెంటైంది. మా అల్లుడు ఒక వేషం ఆయన్ని పట్టుకుని రెస్ట్‌రూమ్ ఎక్కడ అని అడిగాడు. ఆయన "అలసిపోయారా ప్రభూ, విశ్రాంతి గది కావాలా?" అన్న ధోరణిలో మొదలుపెట్టాడు. పక్కన కాళ్ళు ముడుచుకుని నించున్న పిల్లాణ్ణి చూశాడు. గొంతు మారిపోయింది. మామూలు టెక్సాస్ ఇంగ్లీషులో "ఆ నీలం జెండా వెనకాల, పరిగెత్తండి" అన్నాడు. ఆ రోజంతట్లో నాకు మిగిలిన మనిషి ఆయనే.

ఆ సందర్భంలోనే ఇంకొకటి. పాప డైపర్ కథ నువ్వు నవ్వించడానికి పెట్టావు, పాప పూర్తి పేరుతో సహా. బాగానే నవ్వించావు. అయినా తీసెయ్. మా అబ్బాయి ఆరేళ్ళప్పుడు పక్క తడిపిన సంగతి ఒక పత్రికలో హాస్యంగా రాశాను. వాళ్ళ టీచరు చదివింది, క్లాసులో అందరి ముందూ చెప్పింది. వాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు వాడికి నలభై నాలుగేళ్ళు. నేను కొత్తగా ఏదైనా రాస్తున్నానంటే "ఇందులో నేనున్నానా అమ్మా?" అంటాడు. నవ్వుతూనే అంటాడు గానీ అనడం మాత్రం మానలేదు. పిల్ల పరువు నీ చేతిలో ఉంది, నీ పరువు నీది. నీది ఎంత కావాలంటే అంత తీసుకో.

నీ పరువంటే గుర్తొచ్చింది, పార్కింగ్‌లో గొడవ ఎందుకు రాయలేదు? గడ్డి మైదానంలో కారు ఆపారు. స్ట్రోలర్ వద్దు, చక్రాలు కంకరలో దిగబడతాయి అని నువ్వు. ఎత్తుకుని నడిస్తే నా నడుం పోతుంది అని ఆయన. స్ట్రోలర్ తీసుకెళ్ళారు. చక్రాలు దిగబడ్డాయి. మీ ఆయన రోజంతా దాన్ని రిక్షాలా వెనక్కి తిప్పి లాగాడు, పాప ఒక్క నిమిషం కూడా అందులో కూర్చోలేదు, అందులో మంచినీళ్ళ సీసాలూ, చెక్క కత్తీ ఊరేగాయి. చెప్తూ నువ్వే నవ్వు ఆపుకోలేకపోయావు. "ఆయన ఏమనుకుంటారో" అని భయమా? చదివి వినిపించు. ఒప్పుకోకపోతే అప్పుడు చూద్దాం.

గుర్రాల మీద బల్లేల పోటీకి నువ్వు రెండు పేజీలు ఇచ్చావు. ఆ రెండు పేజీలూ ఎవరైనా రాయగలరు. హెన్రీ కూడా 1536లో అలాంటి పోటీలోనే గుర్రం మీంచి పడి చావు తప్పించుకున్నాడు, అది కావాలంటే ఒక ముక్కగా వాడుకో. పాప ఫిరంగి మోతకి ఏడిచిందన్నావు, నువ్వు దాని చెవులు మూసి, నీ చెవులకి చేతులు లేక భుజంతో ఒక చెవి మూసుకున్నానన్నావు. ఆ భుజం రెండు పేజీల పెట్టు.

చివరగా, నువ్వు ఫోన్ పెట్టేసే ముందు ఏదో పొడి మాటలా అనేసిన సంగతి. పోటీ అయ్యాక కవచం తొడుక్కున్నాయన ఒకడు పిల్లల్ని పలకరించడానికి కంచె దగ్గరికి వచ్చాడు. పాప ముందు మోకాలి మీద కూర్చున్నాడు. పాప వాళ్ళ నాన్న కాలి వెనక్కి దాక్కుంది. ఆయన చెయ్యి చాపబోయి ఆగాడు. ఇనప గ్లవ్ తీసేసి, చెమటతో ముడతలు పడిన మామూలు చెయ్యి చాపాడు. మే నెల ఎండకి ఆ ఇనుము కాలిపోతూ ఉంటుంది కదా, పిల్ల ముట్టుకుంటుందని కాబోలు. అప్పుడు పాప కాలి వెనకనుంచి వచ్చి, ఆ చేతిలో ఒక గులకరాయి పెట్టింది. అలా చెప్పి "సరే పిన్నీ, అన్నం టైమయింది" అని పెట్టేశావు.

నేను ఆ రాత్రి దాని గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. పొద్దున నుంచి ఏరుకున్నవాటిలోదేనా, అప్పటికప్పుడు కింద దొరికిందా? నాన్న బూటులోంచి తీసిందా? అన్నిటికంటే ముఖ్యం, ఆయన ఏం చేశాడు? పారేసి ఉండడు, పిల్ల చూస్తోంది. కవచానికి జేబులుండవు. గ్లవ్‌లో వేసుకున్నాడా? శిరస్త్రాణంలోనా? రెండో చేతిలో గుర్రం కళ్ళెం ఉందేమో కూడా.

నీకు గుర్తులేకపోతే మీ ఆయన్ని అడుగు. ఆ రాయి ఎక్కడ పెట్టుకున్నాడో కనుక్కుని రాయి.

ఆశీస్సులతో,
మీ తెనాలి పిన్ని