మైదానం ముచ్చట్లు: హాఫ్ టైమ్‌లో ఏం చెప్పాలి?

(పోయిన నెల ఈ శీర్షికలో 1940లో వచ్చిన ‘క్నూట్ రాక్నీ, ఆల్ అమెరికన్’ సినిమా గురించి రాశాను. అమెరికాలో నోటర్‌డేమ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ జీవితకథ అది. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఈసారి జవాబులు. – రిటైర్డ్ పి.ఈ.టి., అనంతపురం)

సార్, మీరు రాశాక ఆ సినిమా వెతికి చూశాను. చనిపోయిన ఆటగాడు జార్జ్ గిప్ చివరి కోరికను కోచ్ తన టీముకు హాఫ్ టైమ్‌లో చెప్పే సీన్ దగ్గర ఏడుపు ఆగలేదు. మా స్కూల్ ఆడపిల్లల ఫుట్‌బాల్ టీమ్ వచ్చే నెల జిల్లా పోటీలకు వెళ్తోంది. మా కెప్టెన్ వాళ్ల అవ్వ ఈ మధ్యే పోయింది. ఆమెకు మనవరాలి ఆటంటే ప్రాణం. మ్యాచ్ టైట్‌గా ఉంటే ‘అవ్వ కోసం గెలవండి’ అని చెప్పాలనుకుంటున్నాను. చెప్పొచ్చా?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు, కళ్యాణదుర్గం

వద్దమ్మా, చెప్పొద్దు. మీరు పిల్లల మేలు కోరే అడిగారు, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

గిప్ 1920 డిసెంబరు 14న పోయాడు. గొంతు ఇన్ఫెక్షన్, దాని మీద న్యుమోనియా. పెన్సిలిన్ లేని రోజులు. అప్పటికి 25 ఏళ్లవాడు. ఎప్పుడైనా టీమ్ కష్టంలో ఉంటే తన కోసం ఒక మ్యాచ్ గెలవమని గిప్ అడిగినట్టు రాక్నీ ఆటగాళ్లకు చెప్పింది 1928 నవంబరులో, న్యూయార్క్ యాంకీ స్టేడియంలో ఆర్మీతో (అమెరికా సైనిక అకాడమీ టీము) మ్యాచ్ రోజు. మధ్యలో ఎనిమిదేళ్లు గడిచాయి. గిప్ నిజంగా ఆ మాట అన్నాడా అని చరిత్ర రాసినవాళ్లలో చాలామందికి అనుమానమే. రాక్నీకి కథలు కట్టే అలవాటు ఉండేది మరి. 1922లో ఒక మ్యాచ్ ముందు తన కొడుక్కి జబ్బుగా ఉందని టెలిగ్రాం చదివి వినిపించాడనీ, గెలిచి ఊరికి తిరిగొస్తే ఆ పిల్లవాడు స్టేషన్లో నిక్షేపంగా ఎదురొచ్చాడనీ ఆ టీములో ఆడినాయనే తర్వాత చెప్పాడు. రాక్నీ అంటే నాకు చాలా గౌరవం. ఈ ఒక్క పని మాత్రం నాకు నచ్చదు. పిల్లలు కోచ్ మాటను ఇంట్లోవాళ్ల మాట కన్నా ఎక్కువ నమ్ముతారు.

మీరు చెప్పబోయేది అబద్ధమేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఓడిపోతే? అవ్వ పోయిన దుఃఖం ఎలాగూ ఉంది. అవ్వ కోసం గెలవలేకపోయానన్న దిగులు కూడా తోడై ఆ పిల్ల తిరుగు బస్సెక్కుతుంది. మిగతా పిల్లలు ఆమె ముఖంలోకి చూడలేరు.

సినిమా చూసి మనం మర్చిపోయే సంగతి ఒకటుంది. 1928 రాక్నీకి అన్నిటికన్నా చెడ్డ సీజన్. ఐదు గెలిచి నాలుగు ఓడారు. ఆర్మీ మీద 12–6తో గెలిచింది నిజమే. తర్వాతి వారం సొంత మైదానంలో కార్నెగీ టెక్ చేతిలో 27–7తో ఓడారు, ఆపై మ్యాచ్ కూడా పోయింది. గిప్ పేరు చెప్పి ఆ రెండూ గెలవలేకపోయారు.

ఆర్మీ మ్యాచ్‌లో గెలుపు ఎలా వచ్చిందో చూడండి. బెంచి మీద నుంచి లేచి వచ్చిన జానీ ఓబ్రియన్ అనే కుర్రాడు దూరం నుంచి విసిరిన పాస్ పట్టుకుని గీత దాటాడు. (అక్కడి ఫుట్‌బాల్ వేరే ఆట. కోలగా ఉండే బంతిని చేత పట్టుకునే ఆడతారు.) ఆ పాస్ ఆటకు నోటర్‌డేమ్ పేరు మోగింది 1913లో. అప్పటికి రాక్నీ ఇంకా విద్యార్థి. ఆ ఎండాకాలం అతనూ, గస్ డొరేసూ ఎరీ సరస్సు ఒడ్డున సీడర్ పాయింట్ అనే చోట పనికి కుదిరారు. పని లేనప్పుడల్లా ఇసుకలో పరిగెత్తుతూ ఒకరు విసరడం, ఒకరు పట్టడం. బంతిని ముందుకు విసరొచ్చన్న రూల్ 1906లోనే వచ్చినా పెద్ద టీములు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ నవంబరులో వీళ్లు ఆర్మీని వాళ్ల సొంత మైదానంలోనే 35–13తో ఓడించారు. మీ పిల్లలకు సినిమా చూపిస్తే ఆ ఇసుక సీన్ చూపించండి.

ఇక హాఫ్ టైమ్ సంగతి. మన అనంతపురం ఎండలో మొదటి కొద్ది నిమిషాలు పిల్లలకు ఏం చెప్పినా ఎక్కదు. ఊపిరి తీసుకోవడానికే సరిపోతుంది. అప్పుడు నేనేమీ మాట్లాడకుండా చీనీకాయ తొనలు పంచేవాణ్ని. ఒక్కొక్కరికీ చేతికి ఇస్తూ పోతే ఎవరి షిన్‌గార్డ్ జారిందో, ఎవరు మడమ ఆన్చకుండా నిలబడ్డారో కనిపిస్తుంది. గోల్‌కీపర్ ఎడంగా కూర్చుని మట్టి గీకుతూ ఉంటే ముందు ఆ పిల్ల దగ్గరికే వెళ్లాలి. తర్వాత రెండే మాటలు, ఎవరికి చెప్పాలో వాళ్లను పేరు పెట్టి పిలిచి. ‘వాళ్ల రైట్ బ్యాక్ అలిసిపోయింది, నువ్వు అటే ఆడు.’ ‘కార్నర్ పడితే నువ్వు దగ్గరి పోల్ వదలొద్దు.’ మూడో మాట చెబితే మొదటిది మర్చిపోతారు.

నా దగ్గర వింగ్‌లో ఆడే పిల్లవాడు ఒకడు తండ్రి దినాలు అయిన వారానికే మ్యాచ్‌కి వచ్చాడు, గుండు మీద టోపీ పెట్టుకుని. ఆడతావా అని మాత్రం అడిగాను. హాఫ్ టైమ్‌లో వాడే నా దగ్గరికి వచ్చి, ‘సార్, ఎండ కళ్లలోకి కొడుతోంది, నన్ను అటు పక్కకు మార్చండి’ అన్నాడు. మార్చాను. వాడికి ఆ గంటలో కావాల్సింది అదే.

మీ కెప్టెన్ తనంతట తాను అవ్వ మాట ఎత్తితే కూర్చుని వినండి. అవ్వ గుర్తుగా చేతికి రిబ్బన్ కట్టుకుంటానంటే కట్టుకోనివ్వండి. మాట మాత్రం ఆమె నోటి నుంచే రానివ్వండి.

సార్, రాక్నీ నిజంగా కెమిస్ట్రీ కూడా చెప్పాడా, సినిమా కోసం పెట్టారా? ఇంట్లో నన్ను ఆట మానేసి చదువుకోమంటున్నారు.
– డిగ్రీ విద్యార్థిని, గుత్తి

నిజమేనమ్మా. రాక్నీ నార్వేలో 1888లో పుట్టాడు, ఐదేళ్లప్పుడు షికాగో చేరాడు. పోస్టాఫీసులో పనిచేసి డబ్బు కూడబెట్టుకుని 22 ఏళ్లకు కాలేజీలో చేరాడు. 1914లో డిగ్రీ అయ్యాక ఫాదర్ జూలియస్ న్యూలాండ్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పని, దాంతో పాటే అసిస్టెంట్ కోచ్ పని. ఆ ఫాదర్ పరిశోధన వల్లే తర్వాత నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు వచ్చింది. 1918లో రాక్నీ హెడ్ కోచ్ అయ్యాడు. 13 సీజన్లలో 105 గెలుపులు, 12 ఓటములు, 5 డ్రాలు.

మీ ఇంట్లోవాళ్ల టెన్షన్ ఉద్యోగం గురించి. డిగ్రీ చేతికొస్తేనే బి.పి.ఈడీ.లో చేరగలవు, అది ఉంటే స్కూల్ అసిస్టెంట్ వ్యాయామ పోస్టులకు డీఎస్సీ రాయొచ్చు. ఈ దారి ఉందని వాళ్లకు కూర్చోబెట్టి చెప్పు. బ్యాక్‌లాగ్ ఒక్కటి కూడా పెట్టుకోకు. అప్పుడు నీ మాట వింటారు.

గిప్ వేషం వేసినాయన అమెరికా ప్రెసిడెంట్ రీగనేనా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

ఆయనే. సినిమాలో కనిపించేది కాసేపే అయినా ‘గిప్పర్’ అన్న గిప్ ముద్దుపేరు జీవితాంతం ఆయన్ను వదల్లేదు. ఎన్నికల సభల్లోనూ ఆ మాట వాడుకున్నాడు. 1981 మార్చి 30న కాల్పుల్లో గాయపడి, కోలుకున్నాక మే నెలలో నోటర్‌డేమ్ స్నాతకోత్సవానికి వెళ్లి మాట్లాడాడు. రాక్నీ వేషం వేసిన పాట్ ఓబ్రియన్ కూడా ఆ సభకు వచ్చాడు. అసలు రాక్నీ అప్పటికి పోయి 50 ఏళ్లు. 1931 మార్చి 31న కాన్సస్‌లో విమానం కూలి చనిపోయాడు, 43 ఏళ్లకే.