మడ్ పూశారా, మెత్తారా?

సందేహం: నేను డాలస్‌లో ఉంటాను. మా ఇంట్లో డ్రైవాల్ గోడకు నేనే టేపు వేసి, మడ్ (పలకల సందులు పూడ్చే ముద్ద) పూసి, శాండింగ్ చేశాను. ఆ సంగతి తెలుగులో రాస్తే, "డ్రైవాల్‌ను పొడిగోడ అనాలి, మడ్‌ను బురద అనాలి" అన్నారు ఒక మిత్రులు. అలా రాయాలా? "గోడకు మడ్ పూశాను, 45 నిమిషాల్లో ఆరిపోయింది" అన్న వాక్యం సరైనదేనా?

సమాధానం: పొడిగోడ వద్దండి. తెలుగులో పొడి అంటే తడి లేనిది, పిండిగా కొట్టినది కూడా. పిండితో కట్టిన గోడేమో అనుకుంటారు! తడి ప్లాస్టరింగ్ చేసి రోజుల తరబడి ఆరబెట్టే పని లేకుండా, రెండు కాగితాల నడుమ జిప్సం ఉన్న పలకల్ని నేరుగా చట్రానికి బిగిస్తారు కనుక దానికి ఆ ఇంగ్లీషు పేరు వచ్చింది. డ్రైవాల్ అనే రాయండి. తెలుగునాట పాఠకులకైతే జిప్సం బోర్డు అంటే చాలు. ఫాల్స్ సీలింగ్ పుణ్యమా అని ఆ మాట అందరికీ అలవాటైంది. మడ్‌ను బురద అంటే నవ్వుతారు. మన రంగుల పనివాళ్ల లప్పం (పుట్టీ) దానికి దగ్గరి చుట్టం.

పేర్లు ఎక్కణ్నుంచి తెచ్చుకున్నా ఫర్వాలేదు గానీ, క్రియలు మన దగ్గరే కావలసినన్ని ఉన్నాయి. మీరు 'పూశాను' అన్న ఒక్క మాటతో మూడు పనులు కానిచ్చేశారు. రెండు పలకల మధ్య ఉన్నది సందు. అందులోకి లప్పం దట్టంగా పట్టించడం మెత్తడం. ఆ తడి మీదే కాగితం టేపు పరిచి, పుట్టీ బ్లేడుతో నొక్కుతూ లాగడం అతికించడం. అది ఆరాక పల్చగా, ప్రతిసారీ ఇంకాస్త వెడల్పుగా వేసే కోటింగులే పూత. ఇప్పుడది సందు కాదు, అతుకు. పని బాగా కుదిరితే, వ్యాకరణంలో సంధి జరిగినట్టే, రెండు ముక్కలున్నట్టు కంటికి తెలియదు. అలకడం ఇక్కడికి రాదు. అయితే, ఇల్లు అలకగానే పండగ కాదన్న సామెత మొదటి కోటింగు కాగానే రంగు డబ్బా తెరిచేవాళ్లకు చెప్పవచ్చు.

'గోడకు పూశాను' సరైనదే. 'గోడను పూశాను' అనం. 'ఆరిపోయింది' దగ్గరే చిక్కు. బకెట్లో కలిపి అమ్మే మడ్ నీరు ఆవిరై గట్టిపడుతుంది. ఒక్కో కోటింగుకు దాదాపు ఒక రోజు పడుతుంది. అది ఆరడం. సంచిలో పొడిగా వచ్చే రకం నీళ్లు కలిపితే రసాయన చర్యతో గట్టిపడుతుంది. సంచి మీద ఉండే 20, 45, 90 అంకెలు సుమారుగా ఆ చర్యకు పట్టే నిమిషాలు. అప్పటికి లోపల తడి ఇంకా ఉంటుంది. మీది ఈ రకమే అయివుండాలి. కనుక '45 నిమిషాల్లో బిగుసుకుంది' అని రాయండి. మేస్త్రీల 'సెట్టయింది' కూడా తప్పు కాదు.

టేపు కింద లప్పం చాలక గాలి చేరితే 'బబుల్ వచ్చింది' అనక్కర్లేదు, పొక్కింది అంటే సరిపోతుంది. పెచ్చులూడటం ఆ తర్వాతి సంగతి.

ఇక శాండింగ్‌కు రుద్దడం చాలు. కొందరు 'సానపట్టాను' అని రాస్తున్నారు. సాన కత్తికి పడతారు, గోడకు పదునెందుకు? శాండ్‌పేపర్‌ను ఉప్పు కాగితం అనే అలవాటు మనకుంది. అది నచ్చకపోతే గరుకు కాగితం అనండి.