ఫోటోలో నంబరు ప్లేటు ఒక్కటే ఉంది

ప్రశ్న: మేడం గారూ, నాన్నను ఆస్పత్రి దగ్గర దింపి, పక్క సందులో బండి పెట్టాను. అరగంటలో తిరిగొచ్చాను. మర్నాడు నో పార్కింగ్ చలానా వచ్చింది. ఫోటోలో నంబరు ప్లేటు తప్ప ఏమీ లేదు. అక్కడ బోర్డు కూడా లేదు. ముందు కట్టేసి తర్వాత అడగొచ్చా?

జవాబు: కట్టకండి. కడితే ఆ కేసు అక్కడితో ముగిసిపోతుంది, తర్వాత అడగడానికి ఏమీ మిగలదు.

ముందు చలానా తెరిచి ఏ సెక్షన్ రాశారో చూడండి. మామూలుగా మోటారు వాహనాల చట్టం 122, 177 ఉంటాయి. 122 అంటే ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, ఇబ్బంది కలిగేలా బండి వదిలెయ్యడం. 177 కింద జరిమానా మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 1,500 వరకు. ఆ ‘వరకు’ అన్న మాట గుర్తుంచుకోండి. కోర్టు తగ్గించవచ్చు.

ఇక ఫోటో. ఎలక్ట్రానిక్ పరికరాలతో వేసే చలానాలకు 2021లో తెచ్చిన 167ఏ నిబంధన ప్రకారం నంబరు ఒక్కటే చాలదు. తప్పు కూడా స్పష్టంగా కనిపించాలి, తేదీ, సమయం, చోటు ఉండాలి. మీ బలమంతా ఇక్కడే ఉంది. నాకూ ఒకసారి నేనెన్నడూ వెళ్లని వీధి నుంచి చలానా వచ్చింది. పెద్దది చేసి చూస్తే ఫోటోలో ఉన్నది మోటారుసైకిలు, నాది స్కూటరు. బండి నంబరులో చివరి 3ని 8గా కొట్టారు. ఆర్సీ కాపీ, బండి ఫోటోలు జతచేసి రాస్తే రద్దు చేశారు.

మీ సంగతి వేరు. బండి మీదే, అక్కడ ఉన్నదీ నిజమే. బోర్డు లేదన్న ఒక్క మాట మీద ఆధారపడకండి. ఫుట్‌పాత్ మీదో, ఎవరి గేటుకో అడ్డంగానో పెడితే బోర్డు లేకపోయినా తప్పే. నాన్నగారి అవసరం కూడా మినహాయింపు కాదు, కానీ మేజిస్ట్రేటు ముందు చెప్పుకోదగ్గ కారణమే. సిగ్గుపడకుండా చెప్పండి.

చలానా సైట్‌లోనే ఫిర్యాదు పెట్టండి, రసీదు నంబరు దాచుకోండి. గడువు దాటనివ్వద్దు. ఈలోగా కేసు వర్చువల్ కోర్టుకు, అంటే చలానా కేసులు ఆన్‌లైన్‌లోనే చూసే కోర్టుకు, వెళితే ‘పోరాడతాను’ అన్నది ఎంచుకోండి, అప్పుడది మామూలు కోర్టుకు వస్తుంది. అక్కడికి మీరు స్వయంగా వెళ్లొచ్చు, ఇంత చిన్నదానికి వకీలు అక్కర్లేదు.

రేపే ఆ సందుకు వెళ్లి రెండు చివరల నుంచీ ఫోటోలు తియ్యండి. ఈలోగా బోర్డు పెట్టేస్తే మీ మాటకు ఆధారం ఉండదు. ఆ రోజు ఓపీ చీటీ కూడా వాటితోపాటు పెట్టండి.