గజ్జికి మందు ఉంది కదా, మరి ఊరినెందుకు కలుపుకోవాలి?

ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీలోని మారుమూల ఆదివాసీ ఊళ్లలో గజ్జి ఎందుకు వదలదంటే, మందు లేక కాదు. పర్మెత్రిన్ క్రీము రాత్రికి ఒళ్లంతా పట్టించి, వారం తర్వాత మళ్లీ రాస్తే పురుగు చస్తుంది. చిక్కల్లా ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకోవడంలోనే. దురద లేనివాడు "నాకెందుకు?" అంటాడు, మళ్లీ అందరికీ అంటుకుంటుంది. కిక్కిరిసిన ఇంట్లో అందరినీ ఒప్పించాలంటే వాళ్ల భాష, చుట్టరికాలు తెలిసిన ఊరి ఆరోగ్య కార్యకర్తే గడప తొక్కాలి.

2004–2007లో అదే టెరిటరీలోని ఈస్ట్ ఆర్న్‌హెమ్‌లో స్థానికులకే శిక్షణ ఇచ్చి పిల్లల చర్మం పరీక్షింపజేశారు. గజ్జిని గోకినచోట పట్టే చీము పుండ్లు తగ్గాయి, గజ్జి మాత్రం పెద్దగా తగ్గలేదు: ఇంట్లో మిగతావాళ్లు చాలామంది క్రీము రాసుకోనేలేదు. పుండ్లు తగ్గడం చిన్న విషయమేమీ కాదు, వాటిలో చేరే స్ట్రెప్ బ్యాక్టీరియా పిల్లల కిడ్నీలను దెబ్బతీయగలదు.