డయోడ్లతో యాంటెన్నా ప్రాజెక్టు: అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. పిన్ డయోడ్లతో ఫ్రీక్వెన్సీ మార్చుకునే యాంటెన్నా ప్రాజెక్టు చేస్తానంటోంది. బంధువులంతా కోడింగ్ నేర్పించమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ దారిలో ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఆపకండి సార్. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఇక్కడ ఉద్యోగాలు తక్కువే, కానీ ఈ పని చేతితో చేయగలిగినవాళ్లు ఇంకా తక్కువ. హైదరాబాద్‌లోనే రక్షణ పరిశోధన ల్యాబులు డీఎల్ఆర్ఎల్, ఆర్‌సీఐ, ఎలక్ట్రానిక్స్ కంపెనీలు బీఈఎల్, ఈసీఐఎల్, ఆస్ట్రా మైక్రోవేవ్ ఉన్నాయి.

పిన్ డయోడ్‌ను పొలం కాలువ మీద తూము అనుకోండి. కొద్దిపాటి డీసీ కరెంటు ఇస్తే తెరుచుకుని మైక్రోవేవ్ సిగ్నల్‌ను పోనిస్తుంది, తీసేస్తే ఆపుతుంది. ఇలాంటి తూములతో సిగ్నల్‌ను పొట్టి దారిలోకో పొడుగు దారిలోకో మళ్లించి, రాడార్ పలకను కదపకుండానే దాని కిరణాన్ని తిప్పవచ్చు. వరాక్టర్ డయోడ్ వేరు. దానికిచ్చే వోల్టేజీని బట్టి కెపాసిటెన్స్ (చార్జిని నిల్వ చేసుకునే సామర్థ్యం) మెల్లగా మారుతుంది, కాబట్టి ట్యూనింగ్‌కు వాడతారు.

ఇకపై మాటలు మీ అమ్మాయికి. అమ్మా, చాలామంది ఈ ప్రాజెక్టును సిమ్యులేషన్‌తోనే, అంటే కంప్యూటర్‌లో నమూనాతోనే ముగిస్తారు. అందులో డయోడ్ ఆన్ అంటే చిన్న రాగి పట్టీ పెడతారు, ఆఫ్ అంటే ఖాళీ వదిలేస్తారు. రిపోర్టు అందంగా వస్తుంది. ఇంటర్వ్యూలో మాత్రం "డయోడ్‌కు డీసీ ఎలా ఇచ్చావు?" అన్న మొదటి ప్రశ్నకే ఆగిపోతారు. ఆ డీసీ తీగ కూడా యాంటెన్నాలో భాగమై రేడియేషన్‌ను పాడు చేస్తుంది. అందుకే ఆర్‌ఎఫ్‌ను (రేడియో సిగ్నల్‌ను) ఆపే ఇండక్టర్, డీసీని ఆపే కెపాసిటర్ ఎక్కడ పెట్టాలో ఆలోచించాలి. డయోడ్ ఆఫ్‌లో ఉన్నా పూర్తిగా మూసుకోదు. 0.2 పికోఫారడ్ కెపాసిటెన్స్ మిగిలితే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్‌కు దాని అడ్డు దాదాపు 330 ఓములు, 10 గిగాహెర్ట్జ్ దగ్గర 80 మాత్రమే. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తూము కారుతుందన్నమాట. ఈ లెక్క నువ్వే వేసి, బోర్డు చేసి, డయోడ్ టంకం పెట్టి, కొలిచిన గ్రాఫు సిమ్యులేషన్‌కు ఎందుకు దూరంగా వచ్చిందో చెప్పగలిగితే, నాకు తెలిసి అంతకన్నా మంచి రెజ్యూమె లేదు. గ్రాఫులు సరిపోలకపోతే దాచకు, అక్కడే అసలు చదువు మొదలవుతుంది.

సార్, కోడింగ్‌నూ వదలక్కర్లేదు. కొలతల ఆటోమేషన్‌కు పైథాన్ బాగా పనికొస్తుంది. గేట్ మాత్రం తప్పక రాయించండి. ఎంటెక్‌లో ఆర్‌ఎఫ్, మైక్రోవేవ్ స్పెషలైజేషన్ దొరికితే ఈ రంగంలో తలుపులు త్వరగా తెరుచుకుంటాయి.

ముందుగా కాలేజీ ల్యాబులో యాంటెన్నాను కొలిచే నెట్‌వర్క్ ఎనలైజర్ ఉందా, విద్యార్థులను ముట్టుకోనిస్తారా అని గైడ్‌ను అడగమనండి. లేకపోతే 3 గిగాహెర్ట్జ్ దాకా కొలిచే నానోవీఎన్ఏ అనే చిన్న ఎనలైజర్ కొనివ్వండి. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాజెక్టుకు అది చాలు.