చుట్టూ గోడ కడితే చెరువు బాగుపడుతుందా?

ప్రశ్న: మా కాలనీ చెరువుకు సుందరీకరణ పనులు మొదలయ్యాయి. చుట్టూ రాతి గోడ కట్టి, వాకింగ్ ట్రాక్, దీపాలు, నీటి మధ్యలో ఫౌంటెన్ పెడతారట. గుర్రపుడెక్కతోనూ దోమలతోనూ విసిగిపోయిన మాకు సంతోషమే గానీ, ఒడ్డున పెరిగిన తుంగనంతా పీకేయడం మంచిదేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మంచిది కాదు. మన చెరువులకు కట్ట ఒక వైపే ఉంటుంది. నీటి తాకిడికి కోసుకుపోకుండా అక్కడ రాయి పరచడం పాత పద్ధతే. మిగిలిన వైపుల నేల వాలుగా నీటిలోకి దిగుతుంది. తుంగ, జమ్ము పెరిగే ఆ మోకాలి లోతు అంచులోనే చేపపిల్లలు దాక్కుంటాయి, నీటికోళ్లు గూళ్లు కట్టుకుంటాయి, వానతో కొట్టుకొచ్చే మట్టి చాలావరకు నిలిచిపోతుంది. నిలువు గోడ లేస్తే ఆ అంచే ఉండదు.

గుర్రపుడెక్క సంగతి వేరు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క మురుగులోని నత్రజని, భాస్వరాలతో బలుస్తుంది కాబట్టి, మురుగు ఆపనంత కాలం యంత్రాలతో ఎన్నిసార్లు తీయించినా మళ్లీ కమ్ముకుంటుంది. ఫౌంటెన్ నీటికి కాస్త ప్రాణవాయువు అందించగలదు గానీ, దానివల్ల చెరువుకన్నా ఫొటోలకే మేలు ఎక్కువ.

ఇంతకన్నా ముఖ్యం, గోడ ఎక్కడ కడుతున్నారన్నది. పూర్తి నీటిమట్టపు హద్దుకు, అంటే ఎఫ్‌టీఎల్‌కు లోపల కడితే చెరువు ఆ మేరకు కుదించుకుపోయినట్టే. గోడ అవతల మిగిలిన శిఖం భూమి, అంటే చెరువు నీరు పరుచుకునే నేల మీద కబ్జాదారుల కన్ను పడుతుంది. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ 30 మీటర్లు, చిన్నవాటి చుట్టూ 9 మీటర్లు బఫర్‌గా, అంటే కట్టడాలు లేని ఖాళీ జాగాగా వదలాలి. పైగా హైదరాబాద్ చెరువులు గొలుసుకట్టువి. ఒకదాని అలుగు నీరు కింది చెరువుకు చేరాలి. ఆ దారి మూసుకుపోతే కట్టకే ముప్పు. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి, నీరు బెంగళూరు రహదారి మీద వాహనాలను ఈడ్చుకుపోయింది.

అందంగా తీర్చిదిద్దడమే తప్పని అనడం లేదు. సింగపూర్‌లోని బిషాన్ పార్కులో 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను తొలగించి, 2012 నాటికి దాదాపు 3.2 కిలోమీటర్ల వంపుల వాగుగా మార్చారు. మొక్కల వేళ్లు, రాళ్లే ఒడ్డును పట్టి ఉంచుతాయి, పెద్ద వాన వస్తే నీరు పచ్చికబయళ్ల మీదికి పరుచుకుంటుంది. అయితే అక్కడ మురుగు వేరే గొట్టాల్లో పోతుంది. మన దగ్గర అదే మొదటి పని.

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో మీ చెరువు ఎఫ్‌టీఎల్ పటం ఉందేమో చూసి, పనుల డ్రాయింగుతో పోల్చండి. డ్రాయింగు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. మురుగు మళ్లించే ఏర్పాటు, అలుగు వెడల్పు డ్రాయింగులో లేకపోతే లిఖితపూర్వకంగా అడగండి. గోడను కట్ట వైపుకే పరిమితం చేయమని కూడా కోరండి. పునాదులు లేవకముందే ఇదంతా జరగాలి.